దేవ్‌సింగ్ చూసిన పద్దెనిమిది వందల మీటర్లు

ఈ కథలో మంచివాడు దేవ్‌సింగ్. నేను కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు నా మీద ఆశలు ఉండవు, నాకూ కాస్త తేలికగా ఉంటుంది. అతని గురించి రాయడానికి నాకంటే యోగ్యులు ఉండొచ్చు. కానీ ఆ డిసెంబరు పొద్దున అతను ఏం చూశాడో, ఏం చెప్పాడో చెవులారా విన్నవాడిని ప్రపంచంలో నేనొక్కడినే. ఇంకెవరైనా ఉంటే ఈ పని వాళ్లమీదికి నెట్టేసి ఊరుకునేవాడిని.

నా పేరు జయపాల్, మాది జఫర్‌గఢ్. మొగుళ్లపల్లి దగ్గర పత్తి చేల నడుమ ఒక విమాన శిక్షణ సంస్థ ఉంది. దాని పేరు రాయను. రాసే ధైర్యమే ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఒక రన్‌వే, రేకుల షెడ్డులో నాలుగు చిన్న విమానాలు, పక్కన రెండంతస్తుల భవనం, ఇదీ మా సామ్రాజ్యం. కింద గదిలో రేడియో ముందు నేను కూర్చుంటాను. పైన మేడమీద దేవ్‌సింగ్ నిలబడేవాడు. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది, నేలమీద ఎంత దూరం కనిపిస్తోంది అనే మూడు ముక్కలు పైలట్‌కు చెప్పడం నా పని. ఆ మూడో ముక్క దేవ్‌సింగ్ చూసి చెప్తేనే నాకు తెలిసేది.

ఎంత దూరం కనిపిస్తోందో చెప్పడం కూడా ఒక ఉద్యోగమా అని మా బంధువులు నవ్వేవాళ్లు. పెద్ద విమానాశ్రయాల్లో ఆ పనికి యంత్రాలుంటాయి. రన్‌వే పక్కన ఒక గొట్టం నుంచి కాంతి బయల్దేరుతుంది, కొంత దూరంలో ఇంకో గొట్టం దాన్ని పట్టుకుంటుంది. మధ్యలో మంచు ఎంత మింగేసిందో లెక్కగట్టి, దిగే పైలట్‌కు రన్‌వే దీపాలు ఎంత దూరం వరకు అగుపిస్తాయో చెప్తారు. అక్కడి విమానాలకు కళ్లు మూసుకున్నా దారి చూపే పరికరాలు ఉంటాయి గనుక ఐదారు వందల మీటర్లు కనిపించినా దిగుతాయి. మా విమానాలకు అవేవీ లేవు. నేర్చుకునే పిల్లలు కిటికీలోంచి చూసి లేవాలి, కిటికీలోంచి చూసి దిగాలి. అందుకే ఐదు కిలోమీటర్లు కనిపించకపోతే మా దగ్గర విమానం లేవకూడదు. అది నిబంధన. ఆ ఐదు కిలోమీటర్లూ ఉన్నాయో లేవో చెప్పాల్సింది దేవ్‌సింగ్ రెండు కళ్లు.

దేవ్‌సింగ్‌ది బయ్యారం దగ్గర ఒక తండా. రన్‌వే వేసేటప్పుడు కంకర మోయడానికి భార్య తారితో కలిసి కూలీగా వచ్చాడు. పని అయిపోయాక కాపలాదారుగా ఉండిపోయాడు. అప్పట్లో వాతావరణ శాఖలో రిటైరైన భద్రయ్య అనే ముసలాయన మేడమీద పరిశీలన చేసేవాడు. ఆయనకు మెట్లెక్కడం కష్టమై, పదో తరగతి దాకా చదివిన దేవ్‌సింగ్‌ను పైకి పంపి, తాను కింద నిలబడి ఏం కనబడుతోందో అడిగేవాడు. అలా రెండు చలికాలాలు నేర్పాడు. భద్రయ్య పోయాక సంస్థవాళ్లు కొత్త మనిషిని పెట్టుకోలేదు. కాపలాదారు జీతానికే చూసేవాడు దొరికాడు కదా.

మేడ గోడమీద ఒక పటం ఉండేది. ఏ దిక్కున ఏ గుర్తు ఎంత దూరంలో ఉందో అందులో రాసుండేది. రైస్ మిల్లు పొగగొట్టం, ఊరి వాటర్ ట్యాంకు, సెల్ టవరు, ఐదు కిలోమీటర్ల అవతల గుట్ట. ట్యాంకు కనిపించి టవరు కనిపించకపోతే చూపు ట్యాంకు దాకే ఉన్నట్టు. చుట్టూ తిరిగి చూసి, కనీసం సగం దిక్కుల్లో ఎంత దూరం కనిపిస్తే అది చెప్పాలి. ఇంతే శాస్త్రం. కానీ దేవ్‌సింగ్ ఆ పటాన్ని కూడా నమ్మలేదు. ఒక వేసవిలో సైకిలు చక్రానికి గుడ్డపీలిక కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ మిల్లుదాకా, ట్యాంకుదాకా తొక్కుకుంటూ పోయాడు. మిల్లు పన్నెండు వందలని పటంలో ఉంది. అతని లెక్కకు పదమూడు వందల యాభై వచ్చింది. తర్వాత ఎవరో ఫోన్లో మ్యాపు తెరిచి చూస్తే అతని లెక్కే సరిపోయింది. ఆ రోజు ఎంత మురిసిపోయాడో చెప్పలేను. శిక్షణ పిల్లలు అతన్ని దుర్బీన్ మామ అని ఆటపట్టించేవాళ్లు. దానికీ మురిసిపోయేవాడు.

అతను చూసే పద్ధతి నాకు మొదట్లో పిచ్చిపనిలా అనిపించేది. మేడెక్కి ముందు పది నిమిషాలు ఊరికే చలిలో నిలబడేవాడు, కళ్లు వెలుతురుకు అలవాటు పడాలని. తర్వాత గుట్టకు వీపు పెట్టి నిలబడి, ఇరవై లెక్కపెట్టి, గిరుక్కున తిరిగేవాడు. అట్లా ప్రతి దిక్కుకూ. ఎందుకిదంతా అని ఒకసారి అడిగాను.

"రోజు జూసే గుట్ట సారు. మంచుల లేకపోయినా ఉన్నట్టే కొడ్తది కంటికి. ఆడ ఉన్నదని మనకెర్కనాయె. అందుకే ఎన్కకు తిరిగి మల్ల జూడాలె. జూడంగనే అవుపడితె అవుపడ్డట్టు. ఎతికితె దొరికిందంటె అది అవుపడ్డట్టు గాదు. భద్రయ్య సారు గట్లనే జెప్పిండు."

భద్రయ్య చెప్పిన మాట అతనికి చివరిదాకా అంత బలంగా ఉండిపోయింది. నాకు ఎవరు చెప్పిన మాటా అంత బలంగా ఎప్పుడూ ఉండలేదు. పదకొండేళ్లు ఆ మనిషి ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చూసినట్టు చెప్పాడు. అతనికి తండాలో ఎకరాలు లేవు, ఆఫీసులో కుర్చీ లేదు. నా చూపు తప్పదు అన్న నమ్మకం ఒక్కటి ఉండేది. మేము తీసుకున్నది దాన్నే.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. దేవ్‌సింగ్ మేడమీంచి ఇంటర్‌కమ్‌లో చెప్పేవాడు, రిజిస్టరులో అంకె నేను వేసేవాడిని. ఆ పేజీ కింద పరిశీలకుడి సంతకం ఉండాలి. ఆ సంతకమే అతనికి హాజరు కూడా. కాబట్టి పొద్దున ఐదున్నరకు రాగానే, ఇంకా ఒక్క అంకె కూడా వేయని ఖాళీ పేజీ కింద దేవ్‌సింగ్ సంతకం పెట్టి పైకి పోయేవాడు. ఆలస్యంగా పెడితే సగం పూట హాజరు కోస్తారని భయం. చూడకముందే చూసినట్టు సంతకం పెట్టడం తప్పని ఎవరికీ తట్టలేదు. ప్రతి దిక్కుకూ వీపు తిప్పి ఇరవై లెక్కపెట్టే మనిషికి కూడా తట్టలేదు. కింద కూర్చున్నది జయపాల్ సారు కదా అనుకుని ఉంటాడు.

సంస్థ వ్యవహారాలన్నీ వెంకట్రాం సార్ చూసేవాడు. జనగామవైపు పెద్ద రైతు కుటుంబం, రాజకీయాల్లో తిరిగి తిరిగి ఇందులోకి వచ్చాడు. మనిషి అరవడు, తిట్టడు. భుజంమీద చేయి వేసి మాట్లాడతాడు. ఆ చేయి బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది. ఆ యేడు మంచు ఎక్కువ పడింది. పొద్దున పదింటిదాకా గుట్ట తేలేది కాదు. పిల్లలు ఎగరాల్సిన గంటలు పూర్తికాక వాళ్ల తల్లిదండ్రులు ఫోన్లమీద ఫోన్లు చేస్తున్నారు. డిసెంబరు మొదటి వారంలో ఆయన స్వయంగా మేడెక్కాడు. నేనూ వెనకే పోయాను.

"దేవ్‌సింగ్, గా గుట్ట యాడికి వోతది? రోజు ఆడనే ఉంటది గదా."

"ఉంటది సార్. అవుపడాలె గద."

"జర అటు ఇటు ఉంటె ఐదు వేలు అనెయ్. ఎండొస్తె మంచు ఎట్లనన్న పోతది."

"ఎండొచ్చినంక ముందుగాల ఇంక చిక్కగయితది సార్. తర్వాత పోతది. నడుమ గా అర్ధగంటనే మోసం."

వెంకట్రాం సార్ నవ్వాడు. దిగేటప్పుడు మెట్లమీద నా భుజంమీద చేయి వేశాడు. "ఆయన జూస్తడు, సరే. రాసేది నువ్వే గద జయపాల్. స్టేషన్ ఇన్‌ఛార్జి కుర్చి సంక్రాంతికి ఖాళీ అయితుంది. నీ పేరే అనుకుంటున్నం." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. రేపు ఎవరైనా నిలదీసినా ఆయన తప్పు చెప్పమన్నాడని చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. అంత నేర్పరి.

మర్నాడు దేవ్‌సింగ్ నాలుగున్నర వేలన్నాడు. నేను ఐదువేలు వేశాను. ఐదు వందల మీటర్లు ఏపాటి అనుకున్నాను. ఏమీ కాలేదు. ఇంకో రోజు నాలుగు వేలు ఐదు వేలయ్యాయి. ఆ తర్వాత మూడు వేలు. ప్రతిసారీ విమానాలు క్షేమంగా దిగాయి. ప్రతిసారీ నాకు ధైర్యం పెరిగింది. మేడమీద అతను చలిలో నిలబడి ఇరవై దాకా లెక్కపెడుతుంటే కింద నేను వేడి చాయ్ తాగుతూ ఒకే అంకె వేస్తూ పోయాను. ఇంజను చప్పుడు విని దేవ్‌సింగ్ ఒకసారి అడిగాడు, గింత మంచుల ఎట్ల లేచిందని. పెద్ద పైలట్ సారు కూడా లోపల ఉన్నాడు, స్పెషల్ పర్మిషన్ తీసుకున్నం అని చెప్పాను. నమ్మాడు. అలాంటి పర్మిషన్లు నిజంగానే ఉంటాయి, అందుకే అబద్ధం అతికింది.

ఇక ఆ రోజు. అలేఖ్య అనే శిక్షణార్థి ఒంటరిగా ఎగరాలి. ఇరవై రెండేళ్ల పిల్ల, మాటలో చురుకు, చేతిలో శ్రద్ధ. మూడు రోజులుగా ఆమె వంతు మంచువల్ల వాయిదా పడుతోంది. ఆరూ నలభైకి ఇంటర్‌కమ్ మోగింది.

"ట్యాంకు దాకనే సారు. టవరు లేదు, గుట్ట లేనే లేదు. పద్దెనిమిది వందలు. ఎండ వొడుస్తున్నది, ఇంక తగ్గుతది. ఎవలను పంపకున్రి."

చాలా స్పష్టంగా చెప్పాడు. నాకు చెవుడు లేదు. నేను పెన్ను తీసుకుని, కింద అతని సంతకం ఎండి ఉన్న పేజీలో, ఐదు వేలు వేశాను.

అలేఖ్య రేడియోలో అడిగింది. ఐదు వేలన్నాను. తన కిటికీలోంచి ఏం చూసిందో ఏమో, "ఇంకోసారి చెప్పండి సర్, ఐదు వేలేనా?" అంది. ఇది నాకు దొరికిన అవకాశం. మనిషికి తప్పు దిద్దుకోవడానికి ఇంత తేలికైన అవకాశం మళ్లీ దొరకదు. రెండు మాటలు చాలు. నేను ఆ రెండు మాటలు అనకుండా "ఐదు వేలు, కరెక్టే" అన్నాను.

విమానం లేచిన రెండు నిమిషాలకు దేవ్‌సింగ్ మెట్లమీంచి దబదబా దిగి వచ్చాడు. "గదెట్ల లేచింది సారు? ఎవలున్నరండ్ల?" నేను గుట్ట దిక్కు తేటపడ్డదని ఏదో గొణిగాను. అతను నన్ను ఒక్క క్షణం చూసి మళ్లీ పైకి పరుగెత్తాడు. వెంటనే ఇంటర్‌కమ్ మోగింది. "ట్యాంకు గూడ పోయింది సారు. మిల్లు పోయింది. ఏం లేదు సారు, ఏం లేదు. పిలువున్రి." నేను పిలిచాను. రన్‌వే దీపాలన్నీ వేశాను. అలేఖ్య తిరిగొచ్చింది, ఇంజను చప్పుడు మా నెత్తిమీదే ఉంది, ఆమెకు మాత్రం నేల కనిపించడం లేదు. "సర్, రన్‌వే కనిపించట్లేదు. సర్, ఎటుంది?" అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది. రెండుసార్లు వచ్చి పైకి లేచిపోయింది. మూడోసారి దీపాల వరుస పక్కనుంచి దిగింది. విమానం పత్తి చేలోకి దూసుకుపోయి ముక్కుమీద నిలబడింది.

నేను లేచి తలుపుదాకా వచ్చేసరికే దేవ్‌సింగ్ సగం దూరం పరుగెత్తాడు. యాభై దాటిన మనిషి, చెప్పులు ఎక్కడో పోయాయి. ఆమెను బయటికి లాగింది అతనే. ప్రాణం దక్కింది గానీ కుడి పాదం నుజ్జయింది. విమానంలో పాదాలతో తొక్కి తిప్పే పెడళ్లుంటాయి. అవి తొక్కే బలం ఇక ఆ పాదానికి రాదని వరంగల్ దవాఖానలో చెప్పారు. అంటే ఇంక విమానం లేదు. పరామర్శకు పోతే ఆమె మంచంమీంచి నన్నే అడిగింది, "మీరు ఐదు వేలనే కదా సర్ అన్నరు?" అవునన్నాను. పైనుంచి అదే చెప్పారన్నాను. "ఆ ముసలాయనకు కండ్లు కనిపిస్తయా అసలు?" అని ఏడ్చింది. తనను భుజంమీద వేసుకుని మోసుకొచ్చిన మనిషిని అంది ఆ మాట. నేను పండ్లు బల్లమీద పెట్టి వచ్చేశాను.

ఆ ప్రశ్న వెంకట్రాం సార్ చెవిన కూడా పడింది. నేనే మోశాను. రెండో రోజే దేవ్‌సింగ్‌ను సంస్థ కారులో జనగామ తీసుకుపోయి కంటి పరీక్ష చేయించారు. సార్ మనకోసం ఎంత పరేషాన్ అవుతున్నాడో అని అతను సంబరపడ్డాడు. కుడి కంట్లో శుక్లం మొదలైందని తేలింది. ఆ కాగితం చూసి వెంకట్రాం సార్ నిట్టూర్చాడు, బరువు దించుకున్న మనిషిలాగా.

సంస్థ తనకు తాను ఒక విచారణ కమిటీ వేసుకుంది. ముగ్గురు మనుషులు, మధ్యలో బిస్కెట్లు. వాళ్లలో ఒకరు రిటైరైన పైలట్, ఇద్దరు వెంకట్రాం సార్ మనుషులు. వాళ్ల ముందు రిజిస్టరు ఉంది, అందులో ఐదువేలు, కింద దేవ్‌సింగ్ సంతకం. పక్కన జనగామ కాగితం. దేవ్‌సింగ్ నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

"నేను పద్దెనిమిది వందలు అన్న సార్. ట్యాంకు దాకనే అన్న. సారును అడుగున్రి."

సారు అంటే నేను. నావైపు ధీమాగా చూశాడు. నేనుండగా తనకేం కాదని ఆ చూపులో ఉంది. అడిగారు నన్ను. వెంకట్రాం సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఐదు వేలనే చెప్పిండు," అన్నాను.

రిటైరైన పైలట్ కాగితం తిప్పుతూ ఆగాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "కంట్లో శుక్లం ఉన్న మనిషికి తక్కువ దూరం కనిపించాలి గదా..." అని మొదలుపెట్టాడు. అంతే మరి, చిన్నపిల్లలకు కూడా తెలిసే సంగతి అది. కన్ను మసకబారితే ఉన్న గుట్ట కనిపించకపోవాలి, లేని గుట్ట ఎలా కనిపిస్తుంది? శుక్లం ఉన్నవాడు ఐదువేలను రెండు వేలంటాడు గానీ పద్దెనిమిది వందలను ఐదువేలనడు. ఆ కాగితం దేవ్‌సింగ్ నిర్దోషి అని చెప్తోంది. దాన్నే అతని మెడకు కట్టారు. వెంకట్రాం సార్ ఇటు తిరిగి, "సార్, భోజనాలకు టైమైతుంది" అన్నాడు. పైలట్ నావైపు, దేవ్‌సింగ్ వైపు చూశాడు. వాక్యం పూర్తి చేయకుండానే సంతకం పెట్టాడు.

దేవ్‌సింగ్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. అతను బయట వరండాలో నిలబడి తన అరచేతిని కుడికంటికి అడ్డం పెట్టుకుని ఒకసారి, ఎడమకంటికి పెట్టుకుని ఒకసారి, గుట్టవైపు చూస్తున్నాడు. నన్ను చూసి, "నేను ఐదు వేలన్ననా సారు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను తల ఊపాను. సాయంత్రం తారి సామాను మూటలు కట్టింది, ఇద్దరూ బయ్యారం వెళ్లిపోయారు.

సంక్రాంతికి నాకు కుర్చీ వచ్చింది. మార్చిలో మేడమీదికి యంత్రం వచ్చింది. రెండు చేతులు చాచినట్టున్న ఒక స్తంభం, ఆ చేతుల నడుమ ఉన్న మూరెడు గాలిలో మంచు ఎంతుందో చూసి నా ముందున్న తెరమీద కిలోమీటర్లు చెప్తుంది. దానికి గుట్ట అక్కర్లేదు, ట్యాంకు అక్కర్లేదు. దాని అంకె నేను మార్చలేను, నేరుగా రికార్డవుతుంది. ఆ యంత్రం మీద మా సంస్థవాళ్లకున్న భయంలో వందో వంతు ఒక తండా మనిషి మాటమీద ఉంటే అలేఖ్య ఈపాటికి విమానం నడుపుతుండేది.

నాకు నిద్ర పట్టలేదని, పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాయను. నిద్ర బాగానే పట్టింది. మే నెలలో మేనమామ కూతురి పెళ్లికి మహబూబాబాద్ వెళ్లినప్పుడు అక్కడి ఉచిత కంటి శిబిరంలో దేవ్‌సింగ్‌కు ఆపరేషన్ అయిందని ఎవరో చెప్పారు. బయ్యారం ఎంతో దూరం లేదు. ఏం బుద్ధి పుట్టిందో, బస్సెక్కాను.

ఇంటి ముందు కొట్టం కింద నులక మంచంమీద కూర్చుని ఉన్నాడు, కళ్లకు నల్లద్దాలు. నన్ను చూసి ఆదరాబాదరాగా లేచాడు. "సారొచ్చిండే, నీళ్లు తే" అని తారిని కేకేశాడు. కన్ను ఎట్లుందని అడిగాను.

"మంచిగయిందని డాక్టర్ అన్నడు సారు," అని ఆగాడు. "మంచిగనే అయింది గావచ్చు."

నీళ్లు తెచ్చిన తారి అందుకుంది. "ఏం మంచిగ సారు. అన్ని అవుపడ్తయ్. అయినా నమ్మడు. వాన అచ్చేటట్టున్నదా అని నన్నడుగుతడు. గా బస్సు మనదేనా అని నన్నడుగుతడు. మొన్న పొలంకాడ ఎద్దు ఎదురంగ నిలవడితె, ఎద్దేనా అని అడిగిండు. పిచ్చిలేసినట్టున్నది మనిషికి."

దేవ్‌సింగ్ సిగ్గుపడుతూ నవ్వాడు. "ఒక్కపారి తప్పు జూసినంక ఎట్ల నమ్మాలె సారు? ట్యాంకు దాకనే అన్నట్టు నాకు యాది. మీరేమొ ఐదు వేలంటిరి. ఒక ఆడివిల్ల కాలు పోయె. నేను జూసింది ఒకటి, నోటికి అచ్చింది ఒకటి గావచ్చు. గిప్పుడు ఏం జూసినా గదే బుగులు."

నాలో ఏదో తెగింది. చెప్పేశాను. నువ్వు పద్దెనిమిది వందలనే చెప్పినవ్ దేవ్‌సింగ్, నేనే ఐదు వేలు వేసిన, ఆ రోజే కాదు, అంతకుముందు నుంచి వేస్తున్న, కుర్చీ కోసం వేసిన, కమిటీ ముందు అబద్ధం చెప్పిన, నీ చూపుల ఏ తప్పు లేదు. ఒక్క ఊపిరిలో అంతా కక్కేశాను. చేతులు పట్టుకున్నాను.

అతను మెల్లగా తన చేతులు విడిపించుకుని నా భుజం తట్టాడు.

"వద్దు సారు. నా పానం నిమ్మలపడాలని అంటున్రు, నాకెర్క. మీరు అంతమంది పెద్దోళ్ల ముంగట కూసోని జెప్పిన్రు. గాడ అబద్ధం జెప్పి, ఈడ మా కొట్టంకింద నిజం జెప్తరా? అట్ల ఎవలన్న జేస్తరా సారు? నామీద దయతోని గింతదూరం అచ్చిన్రు, గంతె చాలు."

నేను ఒట్టు వేశాను. అతను నవ్వి, చాయ్ పెట్టమని తారికి చెప్పి, బర్రెకు నీళ్లు పెట్టడానికి లేచాడు. పోతూ పోతూ గుంజ దగ్గర ఆగి, చేత్తో తడుముకుని, అప్పుడు అడుగేశాడు. పట్టపగలు, మండుటెండ.

తారి చాయ్ పెట్టలేదు. అక్కడే నిలబడి నన్ను చూస్తోంది. నన్ను నమ్మిందని ఆ కళ్లు చూస్తేనే తెలిసింది. కొంగు నడుముకు బిగించుకుని ఒక అడుగు ముందుకు వచ్చింది.

"ఆయన నమ్మడు సారు. ఆయనకు ఇంక వందసార్లు జెప్పినా నమ్మడు. మీరు గా పిల్లకు జెప్పున్రి, కాలువోయిన పిల్లకు. ఆమె నమ్ముతది. ఆమె అచ్చి జెప్తె గీయన నమ్ముతడు." గొంతు పెంచకుండానే అంది. "ఇగ లేవున్రి. బస్సు అచ్చే యాళ్లయింది."

లేచాను. తండా దాటి రోడ్డుమీదికి వచ్చేదాకా వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అలేఖ్య నంబరు నా ఫోన్లో ఉంది. తీసి, పేరు తెరమీద పెట్టుకుని, మహబూబాబాద్ స్టాండులో దిగేదాకా చూస్తూ కూర్చున్నాను. చేయలేదు. ఆ తర్వాత కూడా చేయలేదు. ఫోన్ చేయడం కంటే ఇది రాయడం తేలికనిపించి రాశాను.